పిడి ఊడిన పాలజగ్గు

శనివారం ఉదయం ఆరుంపావుకి, నోట్లో బ్రష్షు ఉండగానే, అద్దాలాయన ఒక పాలజగ్గు వెండిది కాదని పాత సామాన్లు అమ్మే యాప్‌లో రాశాడు. అది వెండిదేనని అతనికి తెలుసు.

అమ్మేవాళ్ళు పెట్టింది ఒక్క ఫోటో. జగ్గు అడుగుభాగం మాత్రమే. దాని మీద అసలు వెండికి వేసే 925 అనే అంకె, పక్కన ఆకు గుర్తు. అంకె అంచులు అరిగి ఉన్నాయి. పూత వేసిన సామాను అరిగితే లోపలి ఇత్తడి పసుపుగా బయటపడుతుంది. ఇక్కడ అరిగిన చోటా తెలుపే. కింద రాసిన మాటలు మూడు ముక్కలు: "పాత జగ్గు. పిడి ఊడింది. అర్జెంటు." అమ్మేవాళ్ళ పేరు లేదు. వాడుకరి అని, దాని పక్కన నాలుగంకెలు.

అడిగిన ధర, కరిగిస్తే వచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. అయినా అతను రాశాడు: "నమస్తే అండి. ముద్ర ఉన్నా ఇలాంటివి చాలావరకు పూతేనండి. అంచు దగ్గర పసుపు కనబడుతోంది. మీరు మోసపోయినట్టున్నారు. తూకం ఫోటో పెట్టండి, పాత సామాను ధరకి చూస్తాను."

ఈ వాక్యాలు ఆ పూట రాసినవి కావు. ఎప్పుడో రాసి ఫోనులో దాచుకున్నాడు. చెంచా అయినా గొలుసు ముక్క అయినా ఇవే పంపుతాడు. కొందరు తిరగబడతారు. వాళ్ళకి వెండి తెలుసు, వాళ్ళ జోలికి పోడు. "అవునా అండీ, మాకు తెలీదు" అని జవాబిచ్చేవాళ్ళ దగ్గర కొంటాడు. వాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో ఎవరో పోయాక బీరువా ఖాళీ చేస్తున్నవాళ్ళు. సామాను మొత్తం ఫోటో అతను ఎప్పుడూ అడగడు. ముద్ర, తూకం, ఈ రెండూ చాలు. ఎలాగూ సొట్టపెట్టి ముక్కలు చేసేదే.

"పొద్దున్నే ఎవరి కొంప మీద పడ్డారు?" అంది భార్య, పొయ్యి దగ్గర్నుంచి.

అతను నోరు కడుక్కుని వచ్చాడు. "ఒక జగ్గు."

"బుజ్జిగారు బేరంలో ఉన్నారన్నమాట."

యాప్‌లో అతని పేరు బుజ్జి. ఖాతా తెరిచింది భార్య నంబరు మీద. అది ఆమెని చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన పేరు. "బుజ్జిగారూ, ఉన్నారాండీ అని ఎంతమంది మగాళ్ళు రాస్తున్నారో నాకు. కట్టుకున్నవాడేమో పక్కనే కూర్చుని చదువుకుంటున్నాడు" అంది ఆమె, టీ గ్లాసు అతని ముందు పెడుతూ. అతను నవ్వాడు. కుడి చేత్తో అందుకోబోయి, ఎడమ చేత్తో అందుకున్నాడు.

కుడి బొటనవేలు చలికాలం నుంచి వణుకుతోంది. అతని పని ఫోటోలకి ఫ్రేములు కట్టే దుకాణంలో అద్దాలు కోయడం. ఆ పనికి కావలసింది ఒకే గీత. కోసే చక్రం అద్దం మీద ఒక్కసారే నడవాలి. రెండోసారి నడిస్తే అద్దం దానికి తోచిన చోట విరుగుతుంది. వేలు పూర్తిగా మాట వినని రోజు వస్తుంది. ఆ రోజు కోసం అతను వెండి దాస్తున్నాడు.

డబ్బుగా ఎందుకు దాయడంటే, డబ్బు దాచి చూశాడు. బ్యాంకులో ఉన్నది ఒకసారి తమ్ముడి బండికి పోయింది, ఇంకోసారి మరదలి ఆపరేషనుకి పోయింది. ఉందని తెలిస్తే అడుగుతారు. అడిగితే లేదనడం అతనికి రాదు. విరిగిన చెంచాలు ఎవరూ అడగరు. అవి మంచం కింద, రబ్బరు పోయిన ప్రెషర్ కుక్కరులో ఉన్నాయి: పళ్ళు పోయిన ఫోర్కులు, జతలేని చెవిపోగులు, తెగిన గొలుసులు, కత్తుల పిడులు. మొదట్లో ఒక కొవ్వొత్తి స్టాండు కొన్నాడు. బరువు చూసి పొంగిపోయాడు. కోస్తే లోపలంతా సిమెంటు. భార్య ఆ సిమెంటు ముక్కని వారం రోజులు తలుపుకి అడ్డుగా వాడింది, ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ "మా ఆయన ఆస్తి" అని చూపించింది.

ఎనిమిదిన్నరకి అతను దుకాణం తాళం తీశాడు.

కింద దుకాణం, మేడ మీద పెద్దాయన ఇల్లు. పెద్దాయన దుకాణం యజమాని. పిల్లలు లేరు. భార్య రెండేళ్ళుగా మంచం మీద ఉంది. ఆమె గుండె సగమే పనిచేస్తోందని డాక్టర్లు చెప్పారు. మిగతా సగం తనకిచ్చేసిందని పెద్దాయన వచ్చినవాళ్ళకి చెప్పేవాడు, ఈమధ్య చెప్పడం లేదు. ఫోనులోనే ఫోటోలు చూసుకునే కాలం వచ్చాక ఫ్రేములకి వచ్చేవాళ్ళు తగ్గారు. నలుగురు పనివాళ్ళు ఉండే చోట అద్దాలాయన ఒక్కడే మిగిలాడు. వారం జీతం శనివారం సాయంత్రం. పోయిన శనివారం ఇవ్వలేదు. "వచ్చేవారం రెండూ కలిపి" అన్నాడు పెద్దాయన, అతని మొహం చూడకుండా.

పదింటికి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. రిటైరయ్యాడు. తన లారీ ఫోటోకి ఫ్రేము కావాలన్నాడు.

"ఎంత సైజు?" అన్నాడు పెద్దాయన.

"గోడ మీద మా ఆవిడ ఫోటో ఉంది. దానికంటే ఒక అంగుళం పెద్దది."

"ఆమె ఊరుకుంటుందా?"

"లారీ ఎప్పుడూ నన్ను తిట్టలేదండీ."

పెద్దాయన నవ్వి కొలతలు రాసుకున్నాడు. అద్దాలాయన లోపలి బల్ల మీద అద్దం పరిచి, చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి, ఊపిరి బిగబట్టి గీత గీశాడు. కింద నుంచి తట్టాడు. సరిగ్గానే విరిగింది. చేతులు తుడుచుకుని ఫోను చూశాడు. జవాబు వచ్చి ఉంది.

"బుజ్జిగారికి నమస్కారం. పూత అని మాకు తెలీదండి. ఇన్నేళ్ళుగా వెండి అనే అనుకున్నాం. క్షమించాలి. తూకం ఫోటో ఇప్పుడే పెడతాను."

పెద్దాయన కౌంటరు సొరుగులోంచి గుడ్డసంచి తీసి, చంకలో పెట్టుకుని, చెక్కలు పెట్టుకునే వెనకగదిలోకి వెళ్ళాడు. అద్దాలాయన లారీ ఫోటోకి అట్ట కోయడం మొదలుపెట్టాడు. ఫోను మోగింది. తూకం ఫోటో.

కాటా మీద జగ్గు పక్కకి పడుకుని ఉంది. పిడి దాని కడుపులో ఉంది. కాటా కింద అట్టలు కోసుకునే ఆకుపచ్చ రబ్బరు పలక. ఆ పలక మీద మూలగా ఒక కత్తి గాటు, దాన్ని అడ్డంగా కోస్తూ ఇంకో గాటు. వానాకాలంలో కత్తి జారి ఆ గాట్లు పెట్టింది అద్దాలాయనే. ఆ పలక మెత్తబడిందని వెనకగదిలోకి మార్చిందీ అతనే.

అతను ఫోను మూసి, బల్ల మీద బోర్లా పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఏదైనా ఒకటి పంపి చూద్దామనిపించి, "చూశానండి" అని పంపాడు. వెనకగదిలో పెద్దాయన ఫోను ఠంగుమంది.

పెద్దాయన బయటికి వచ్చి కౌంటరు వెనక కూర్చున్నాడు. కళ్ళజోడు పైకి తోసి జగ్గు అంచుని కిటికీ వైపు తిప్పి చూశాడు. గోటితో గీకాడు. అరిగిన చోట చొక్కా కొసతో రుద్దాడు. తర్వాత మేడ మీదికి ఫోను చేశాడు. నాలుగడుగుల దూరంలో ఎంత మెల్లగా మాట్లాడినా వినబడుతుంది.

"అది పూతట... ఆ, తెలిసినవాళ్ళలాగే ఉన్నారు... లేదే, మీ నాన్నని నేనేమన్నాను ఇప్పుడు? వాళ్ళు చెప్పిందే చెబుతున్నా... సరే, పడుకో."

అద్దాలాయన అట్ట మూల కోశాడు. గీత వంకరపోయింది. ఇంకో అట్ట తీసుకున్నాడు.

కాసేపటికి దొడ్డివైపు వెళ్ళి, నిలబడి, రాశాడు: "పర్వాలేదండి. మీరు అడిగిన ధరకే తీసుకుంటాను." పంపాక కొంచెం తేలిగ్గా అనిపించింది.

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. పెద్దాయన ఒక వేలితోనే కొడతాడు. "బుజ్జిగారికి. మీ మంచితనానికి సంతోషం. కానీ పూత అని మీరే చెప్పాక వెండి ధర తీసుకోవడం ధర్మం కాదు. అందులో సగం చాలు. ఈరోజే అందితే మేలు. పనివాడికి జీతం ఇవ్వాలి."

అతను రాశాడు: "మళ్ళీ పెద్దది చేసి చూశాను. వెండే అయ్యుండాలి." పంపలేదు. బుజ్జి ఎవరో పెద్దాయనకి తెలీదు. పంపడానికి అడ్డం ఏమీ లేదు. పంపితే పెద్దాయన జగ్గు పట్టుకుని వీధి చివర వెండి కొట్టుకి వెళతాడు, అక్కడ తూచి, చేతిలో డబ్బు పెడతారు, జగ్గు అక్కడే ఉండిపోతుంది. ఇక తనకి రాదన్నదే అతని బుర్రలో మెదిలింది. అంత బరువున్న సామాను ఇంతవరకు అతనికి దొరకలేదు. రాసినదాన్ని చెరిపేసి, "సరేనండి" అని పంపాడు. సగం ధర కట్టాడు. సామాను అందిందని కొన్నవాళ్ళు నొక్కేదాకా డబ్బు యాప్ దగ్గరే ఉంటుంది.

"సంచి మా వీధిలో టీ కొట్లో ఇచ్చి ఉంచుతాను. బుజ్జి అని చెప్పి తీసుకోగలరు" అని వచ్చింది, కింద దుకాణం ఎదురుగా ఉన్న టీ కొట్టు చిరునామా. కొనేవాళ్ళు దుకాణానికి రావడం పెద్దాయనకి ఇష్టం లేదు.

ఒంటిగంటకి అన్నం గిన్నెలు తేవడానికి అద్దాలాయన మేడ ఎక్కాడు. పెద్దాయన మోకాళ్ళు రోజుకి ఒకసారి కంటే ఎక్కువ మెట్లు ఒప్పుకోవు. వంటామె పన్నెండున్నరకి వండి సర్ది పెట్టి వెళుతుంది. గిన్నెలు తీసుకుని తిరిగి వచ్చేస్తుంటే, లోపలి గదిలోంచి పెద్దాయన భార్య పిలిచింది.

"బాబూ, ఒకసారి ఇలా రా."

మూడు దిండ్లు ఆనుకుని కూర్చుని ఉంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

"నీకు వెండి సంగతి ఏమన్నా తెలుసా?"

"అద్దాలైతే తెలుసమ్మా. వెండి మనకెక్కడిది?"

"అదీ నిజమే." ఆమె దిండు సర్దుకుంది. "మేం కొత్తగా కాపురం పెట్టినప్పుడు ఒక్క గది. మా నాన్న చూడ్డానికి వచ్చాడు. సంచిలోంచి జగ్గు తీశాడు. బస్సు కండక్టరు ఆయన. ఇంత ఖరీదుది ఎక్కడిది నాన్నా అంటే, నీకెందుకే, పాలు పోసుకుని తాగు అన్నాడు. సైకిలు అమ్మేశాడని తర్వాత తెలిసింది. రిటైరయ్యేదాకా డిపోకి నడిచే వెళ్ళాడు."

అద్దాలాయన గిన్నెల పిడి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడెవరో బుజ్జిగారట, పూత అని తేల్చేసింది. మా నాన్న మోసం చేసే మనిషి కాదు బాబూ. మోసపోయుంటాడు. చూపు సరిగ్గా ఆనేది కాదు పాపం." ఊపిరి తీసుకుంది. "అంత నడకా ఇత్తడి కోసం నడిచాడా అని పొద్దుట్నుంచీ ఒకటే ఆలోచన."

"ఫోటో చూసి చెప్పేవాళ్ళ మాట ఏం లెక్కమ్మా? వాళ్ళకి మాత్రం ఏం తెలుస్తుంది?"

"లేదులే. మీ సారు చదివి వినిపించారు. మర్యాదగా రాసింది. పూత అంటూనే అడిగిన ధర ఇస్తానంది. అబద్ధం చెప్పాల్సిన ఖర్మ ఆ పిల్లకేంటి?"

చెప్పడానికి అదే సమయం. గదిలో ఎవరూ లేరు. నోరు తెరిచాడు కూడా. "అన్నం చల్లారిపోతుందమ్మా" అన్నాడు.

"వెళ్ళు, వెళ్ళు. ఆయనకి ఆకలేస్తే మనిషి కాదు" అంది ఆమె.

ఆ మధ్యాహ్నం పెద్దాయన వెనకగదిలో చాలాసేపు ఏదో సర్దాడు. తర్వాత సంచి పట్టుకుని రోడ్డు దాటాడు, చేతులు ఊపుకుంటూ తిరిగొచ్చాడు. అద్దాలాయన లారీ ఫోటో వెనక మేకులు కొట్టడం ముగించి, ఫోను తీసి, "అందింది" అన్న చోట నొక్కాడు. కౌంటరు మీద ఠంగుమంది. పెద్దాయన చదువుకుని, చెప్పులు వేసుకుని బ్యాంకు మిషను దాకా వెళ్ళొచ్చాడు.

దుకాణం మూసే ముందు కవరు ఇచ్చాడు.

"ఇది పోయినవారానిది. అదీ పూర్తిగా లేదోయ్. ఒక సామాను అమ్మితే అనుకున్నంత రాలేదు. ఏమనుకోకు."

"అయ్యో, పర్వాలేదండీ."

"పర్వాలేదు పర్వాలేదు అంటే నాకు ఇంకా సిగ్గుగా ఉంటుంది. నాలుగు తిట్టరాదూ?"

అద్దాలాయన కవరు జేబులో పెట్టుకున్నాడు. రోజూ ఎదురు కొట్లో టీ తాగి బస్సెక్కుతాడు. ఆరోజు ఇటువైపు నుంచే నడిచి వెళ్ళిపోయాడు. పెద్దాయన ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయన చూస్తుండగా సంచి తీసుకోలేడు.

బస్సులో ఫోను తెరిచి మళ్ళీ రాశాడు: "అది అసలు వెండేనండి. పొరపాటు నాది." ఈసారి పంపే బటను నొక్కాడు. వెళ్ళలేదు. అమ్మకం పూర్తయిందని, ఇక ఈ వాడుకరికి సందేశాలు పంపడం కుదరదని తెర మీద వచ్చింది.

ఇంట్లో భార్య అడిగింది, "జగ్గేది?"

"ఇంకా తీసుకోలేదు."

"కొన్నది తెచ్చుకోకుండా ఉండేంత గొప్పవాళ్ళం ఎప్పుడయ్యాం?"

అతను చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. ఆమె రెండోసారి అడగలేదు.

ఆదివారం సెలవు. అతను ఒక మాట తయారు చేసుకున్నాడు. సోమవారం అన్నం గిన్నెలకి మేడ ఎక్కినప్పుడు చెప్పాలి: "మా బంధువుల్లో వెండి పనివాడు ఒకడున్నాడమ్మా. ఆకు గుర్తు పక్కన ఆ అంకె ఉంటే అది అసలుదే అన్నాడు. మీ నాన్నగారు మోసపోలేదు." స్నానం చేస్తూ ఒకసారి, కూరగాయల బజారు నుంచి వస్తూ ఒకసారి ఆ మాట పలికి చూసుకున్నాడు. ఆకు గుర్తు సంగతి తనకెలా తెలుసని ఆమె అడిగితే ఏం చెప్పాలో తేలలేదు. ఆకు మాట తీసేశాడు.

సోమవారం ఎనిమిదిన్నరకి దుకాణం షట్టరు సగం ఎత్తి ఉంది. మేడ మెట్ల మీద చెప్పులు వరసగా ఉన్నాయి. ఆమె ఆదివారం తెల్లవారుజామున నిద్రలో పోయింది. సాయంత్రానికి అంతా అయిపోయింది. అద్దాలాయన ఫోను నంబరు పెద్దాయన దగ్గర ఉంది, కానీ చెయ్యడానికి ఆయనకి తోచలేదు.

పెద్దాయన కౌంటరు వెనక రోజూ కూర్చునే చోటే కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక ఫోటో ఉంది.

"వచ్చావా. దీనికి ఫ్రేము కట్టు. పెద్దది వద్దు. గోడంతా తనే ఉంటే దానికి నచ్చదు."

అద్దాలాయన ఫోటో అందుకున్నాడు. ఆమె అందులో ఎవరి వైపో తిరిగి ఏదో చెబుతోంది.

"శనివారం రాత్రి బాగానే ఉంది" అన్నాడు పెద్దాయన. "జగ్గు మాట ఎత్తి ఎత్తి, చివరికి ఏమందో తెలుసా? పోనీలెండి, మా నాన్న సైకిలు కొన్నవాడూ మోసపోయే ఉంటాడు, దానికి బ్రేకులు లేవు అంది. అని నవ్వింది. నవ్వితే దగ్గొస్తుంది, నవ్వకే అన్నాను."

"సార్, ఆ జగ్గు..."

"పోయిందిలే. మంచి చేతుల్లోనే పడింది. ఆ బుజ్జి అన్న అమ్మాయి ఉంది చూడు, పూత అని తెలిసీ పూర్తి ధర ఇస్తానంది. ఇంకా ఉన్నారోయ్ అలాంటివాళ్ళు."

అద్దాలాయన లోపలి బల్ల దగ్గరికి వెళ్ళాడు. అద్దం పరిచాడు. చక్రం కిరోసిన్‌లో ముంచాడు. ఒకే గీతలో కోశాడు. కొస దగ్గర వేలు వణికింది కానీ అప్పటికి గీత అంచు దాటింది. నల్లచెక్క నాలుగు ముక్కలు మూలలకి కోసి అతికించాడు. ఫోటో, అట్ట, వెనక గోధుమరంగు కాగితం. పదకొండింటికి ఫ్రేము పెద్దాయన చేతిలో పెట్టాడు. పెద్దాయన దాన్ని పట్టుకుని, గోడ పట్టుకుని, మెట్లు ఎక్కాడు. ఆ రోజు కిందికి రాలేదు.

సాయంత్రం షట్టరు దించుతుంటే ఎదురు నుంచి టీ కొట్టు ఆమె చెయ్యి ఊపింది. అతను రోడ్డు దాటాడు. ఆమె అడక్కుండానే టీ పోసింది.

"అన్నా, శనివారం మీ పెద్దాయన ఒకటి ఇచ్చి వెళ్ళాడు. బుజ్జి అని ఎవరో అమ్మాయి వస్తుంది, ఇచ్చెయ్యమ్మా అన్నాడు. శనివారం లేదు, నిన్న లేదు, ఇవాళా లేదు. ఏ బుజ్జీ రాలేదు. ఇప్పుడు ఆయన్ని ఏమని అడగను, ఆ దుఃఖంలో? నువ్వు తీసుకెళ్ళి ఆయనకి ఇచ్చెయ్యరాదూ?"

సంచి ముందుకి జరిపింది. అతను మూతి విప్పి చూశాడు. ఫ్రేముల వెనక అంటించే గోధుమరంగు కాగితంలో జగ్గు చుట్టి ఉంది. పిడి విడిగా ఇంకో కాగితంలో ఉంది. పొట్లానికి దారం కట్టి, దాని మీద ఒక చీటీ అంటించి ఉంది.

"ఏముంది అందులో? ఖరీదైనదా?"

"ఉండనీ అమ్మా. రేపు వస్తుందేమో."

"వస్తే ఇచ్చెయ్యనా?"

అతను టీ సగం తాగి గ్లాసు పెట్టేశాడు. బస్సు వచ్చింది, ఎక్కాడు.

టీ కొట్టు ఆ రాత్రి ఎప్పటిలాగే మూశారు. మూసేటప్పుడు పొట్లం పై అరలో, బిస్కెట్ల సీసాల పక్కన ఉంది. చీటీ మీద పెద్దాయన చేతిరాతలో రెండు వాక్యాలు ఉన్నాయి: "ఇది వెండి కాదు, పూత. కొన్నవారికి ముందే తెలియజేయడమైనది."